పార్కు మేలు ఎక్కడ పుడుతుంది? ఆక్సిజన్ కథ దాటి చూస్తే

క్లుప్తంగా: పార్కులు ఆక్సిజన్ ఇస్తాయనీ, నగరం గాలిని కడిగేస్తాయనీ చెప్పే మాటల్లో నిజం పాలు తక్కువ. వాటి మేలు ప్రధానంగా నీడ, వాన నీటిని పట్టి ఉంచే నేల, మనసుకు దొరికే విరామం, ముక్కూమొహం తెలియని మనుషులు తారసపడే చోటు అనే దారుల్లో వస్తుంది. ఆ మేలు ఎంతమందికి అందుతుందన్నది పార్కు విస్తీర్ణం కంటే ఇంటి నుంచి దానికి ఉన్న దూరం, నిర్వహణ, చుట్టుపక్కల అద్దెల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఎండలు ముదిరినప్పుడో, నగరం నీట మునిగినప్పుడో పార్కుల ప్రస్తావన మళ్లీ పైకి వస్తుంది. ఉన్న కాస్త ఖాళీ జాగా కూడా కాంక్రీటు పాలవుతోందని ఒక పక్షం వాపోతుంది. ఇళ్లు లేనివాళ్లు ఇంతమంది ఉండగా నగరం నడిబొడ్డున గడ్డి పెంచడమేమిటని మరో పక్షం నిలదీస్తుంది. ఇద్దరి చేతుల్లోనూ అంకెలు ఉంటాయి. చెట్టుకు ఇన్ని లీటర్ల ఆక్సిజన్, మనిషికి ఇన్ని చదరపు మీటర్ల పచ్చదనం, ఎకరానికి ఇంత స్థలం విలువ. ఈ లెక్కల్లో చాలావరకు పార్కు నిజంగా చేసే పనిని కొలిచేవి కావు. అందుకే ముందు తేలాల్సింది పార్కు ఏం చేస్తుంది, ఎలా చేస్తుంది అన్నది.

ఊపిరితిత్తుల పోలిక ఎక్కడిది?

పార్కులను నగరానికి ఊపిరితిత్తులు అనడం రెండు శతాబ్దాలుగా ఉన్న అలవాటు. 1808లో లండన్ హైడ్ పార్కు స్థలంలో ఇళ్లు కట్టాలన్న ఆలోచనపై బ్రిటిష్ పార్లమెంటులో వాదోపవాదాలు నడిచినప్పుడు విలియం విండమ్ అనే సభ్యుడు ఈ పోలికను ఉటంకించారు. అది అంతకు ముందు తరం నాయకుడు లార్డ్ చాతమ్ మాట అని కూడా చెప్పారు. అప్పటి వైద్యం దృష్టిలో కలరా లాంటి రోగాలకు కారణం కుళ్లు వాసన నిండిన గాలి. ఇరుకు వాడల్లో ఆ గాలి పోగుపడుతుందనీ, మధ్యలో విశాలమైన మైదానాలు ఉంటే చెదిరిపోతుందనీ నమ్మేవారు.

పరిశ్రమలతో కిక్కిరిసిన ఇంగ్లండ్ పట్టణాల్లో ప్రజల కోసం పార్కులు వెలసింది ఆ నమ్మకం ఊతంతోనే. డర్బీలో 1840లో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని పట్టణానికి ఒక వృక్షవాటికను దానమిచ్చారు. 1847లో బర్కెన్‌హెడ్ పట్టణం ప్రజాధనంతో పార్కును తెరిచింది. మూడేళ్ల తర్వాత దాన్ని చూసిన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కు నమూనా గీశారు. తర్వాత కలరా గాలిలో లేదనీ, నీటిలోని సూక్ష్మజీవిలో ఉందనీ తేలింది. సిద్ధాంతం కూలిపోయింది కానీ పార్కులు నిలిచాయి, ఊపిరితిత్తుల పోలికా నిలిచింది. అదే నేడు ఆక్సిజన్ లెక్కగా వేషం మార్చుకుని తిరుగుతోంది.

గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. ఒక పార్కు ఉన్నా లేకపోయినా ఆ నిష్పత్తిలో మనిషికి తేడా తెలియదు. పైగా చెట్టు విడుదల చేసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం దాని వేర్ల శ్వాసకు, రాలిన ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఖర్చయిపోతుంది. దుమ్ము, పొగల విషయం కాస్త వేరు. ఆకుల మీద ధూళి పేరుకోవడం నిజమే. కానీ 2006లో డేవిడ్ నోవాక్ బృందం అమెరికా నగరాలకు వేసిన అంచనాలో చెట్ల వల్ల గాలి నాణ్యతలో వచ్చే మెరుగు సాధారణంగా ఒక శాతం లోపే ఉంది. రెండు వైపులా ఎత్తయిన భవనాలున్న ఇరుకు రోడ్డు మీద దట్టంగా కమ్ముకున్న కొమ్మలు వాహనాల పొగను పైకి పోనివ్వకుండా కిందే ఆపేయవచ్చు కూడా. కొన్ని జాతుల చెట్లు వదిలే ఐసోప్రీన్ లాంటి వాయువులు వాహనాల పొగతో కలిసి ఓజోన్ పుట్టడానికి దోహదం చేస్తాయి. పార్కు మధ్యలో గాలి హాయిగా ఉండటానికి ఒక సాదా కారణం ఉంది. అక్కడ వాహనాలు తిరగవు, రోడ్డు నుంచి దూరం పెరిగేకొద్దీ పొగ పలచబడుతుంది. ఈ పనిలో చెట్ల వాటా కంటే వాహనాలు లేకపోవడం వాటాయే ఎక్కువ.

పార్కుల పక్షాన మాట్లాడేవారికి ఇది ఇబ్బందిగా తోచవచ్చు. నిజానికి బలహీనమైన వాదనను వదులుకుంటే బలమైన వాదనలకు చోటు దొరుకుతుంది. వాటిలో మొదటిది వేడి.

నీడ, ఆవిరి, రాత్రి వేడి

తారు రోడ్డు, కాంక్రీటు పగలంతా ఎండను మింగి రాత్రంతా వేడిగా వదులుతాయి. మండు వేసవి మధ్యాహ్నం తారు ఉపరితలం 60 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. చెట్టు ఈ క్రమాన్ని రెండు చోట్ల అడ్డుకుంటుంది. మొదటిది, ఎండ నేలను తాకకముందే ఆకు దాన్ని ఆపుతుంది. రెండోది, వేర్లు పీల్చిన నీటిని ఆకులు ఆవిరిగా వదులుతాయి, ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి, ఆకు నుంచి లాక్కుంటాయి.

ఈ రెండో పని ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.68 యూనిట్ల శక్తి, అంటే 0.68 కిలోవాట్ గంటలు కావాలి. వేర్లకు నీరు బాగా అందుతున్న పెద్ద చెట్టు ఎండ రోజున 100 లీటర్లు వదిలిందనుకుంటే అది గుంజుకునే వేడి 68 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు గది నుంచి తోడే వేడి సుమారు 5.3 యూనిట్లు. అంటే ఆ చెట్టు పని ఏసీని దాదాపు 13 గంటలు ఆపకుండా నడిపినదానికి సమానం. ఏసీ ఆ వేడిని వీధిలోకి నెడుతుంది, చెట్టు అలా చేయదు. అయితే చెట్టు నాలుగు గోడల మధ్య లేదు. గాలి ఆ చల్లదనాన్ని మోసుకుపోతుంది కాబట్టి చెట్టు కింద ఏసీ గది దొరకదు. నీరు అందనప్పుడు ఆకులు రంధ్రాలు మూసుకుంటాయి, ఆవిరి పని ఆగుతుంది. వడగాలులు వీచే రోజుల్లో, కరవులో, అంటే సరిగ్గా అవసరమైనప్పుడే ఈ పని మందగించే ప్రమాదం ఉంది. నీడ మాత్రం ఆకు ఉన్నంత వరకు పనిచేస్తుంది.

ఉష్ణోగ్రత అంకెలు ఇక్కడ తరచూ తికమక పెడతాయి. వివిధ నగరాల పరిశోధనలను 2010లో కలిపి చూసినప్పుడు పగటిపూట పార్కుల్లో గాలి సగటున 0.94 డిగ్రీలు మాత్రమే చల్లగా ఉన్నట్టు తేలింది. ఒక్క డిగ్రీ కోసమా ఇంత హడావిడి అనిపించవచ్చు. అయితే మనిషి ఒంటికి తగిలే వేడి గాలి నుంచి ఒక్కటే రాదు. నెత్తిన ఎండ, కాలి కింద నేల, పక్కనున్న గోడ కూడా వేడిని ప్రసరిస్తాయి. థర్మామీటరును నీడలో పెట్టి గాలి వేడిని కొలుస్తారు కాబట్టి ఆ తేడా అందులో కనబడదు. ఎండలో బస్సు కోసం నిలబడ్డ మనిషికీ, పది అడుగుల అవతల చెట్టు కింద నిలబడ్డ మనిషికీ గాలి ఒకటే, బాధ ఒకటి కాదు. పచ్చిక ఒక్కటే పరిచి చెట్లు లేకుండా వదిలేసిన పార్కులు మధ్యాహ్నం నిర్మానుష్యంగా ఉండటానికి కారణం ఇదే.

2023లో లాన్సెట్ పత్రికలో 93 యూరప్ నగరాలపై వెలువడిన అధ్యయనం 2015 వేసవి మరణాలను లెక్కలోకి తీసుకుంది. నగరాలు చుట్టుపక్కల పల్లెల కంటే వేడిగా ఉండటం వల్ల సంభవించినవి సుమారు 6,700 మరణాలు అని అంచనా. చెట్ల నీడ నగర విస్తీర్ణంలో 30 శాతం ఉండి ఉంటే వాటిలో 2,644 తప్పేవని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. ఇది నమూనా ఆధారంగా వేసిన అంచనాయే అయినా మూడో వంతుకు పైగా మరణాలు అనేది చిన్న మాట కాదు.

వాన నీటికి కాస్త చోటు

హెక్టారు నేల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్ల నీరు. ఆ హెక్టారు కాంక్రీటైతే దాదాపు మొత్తం కాలువల మీద పడుతుంది. మట్టి, వేర్లు ఉంటే కొంత ఇంకుతుంది, కొంత ఆలస్యంగా కదులుతుంది. పట్టణ వరదలో ఆలస్యానికి ఎంతో విలువ ఉంది. నీరంతా ఒకే గంటలో కాలువల్లోకి చేరకపోతే చాలు, సగం ముంపు తప్పుతుంది.

కోపెన్‌హేగన్ నగరంలో 2011 జులై 2న రెండు మూడు గంటల్లోనే 150 మిల్లీమీటర్ల దాకా వాన కురిసింది. నేలమాళిగలు, రోడ్లు మునిగాయి. భూగర్భ కాలువలు పెద్దవి చేయడం ఒక్కటే పరిష్కారమైతే ఖర్చు తడిసి మోపెడవుతుందని గ్రహించిన నగర పాలకులు పార్కులను, చౌరస్తాలను తాత్కాలిక చెరువులుగా మార్చే ప్రణాళిక వేశారు. అక్కడి ఎంగ్‌హావెపార్కెన్ అనే పాత పార్కును ఆ పద్ధతిలో మార్చి 2019లో తిరిగి తెరిచారు. చుట్టూ తక్కువ ఎత్తు గోడ, పల్లంగా దించిన ఆటస్థలం, అవసరమైతే మూసుకునే ద్వారాలు. కుంభవృష్టి కురిస్తే 22,600 ఘనపు మీటర్ల నీరు, అంటే 2 కోట్ల 26 లక్షల లీటర్లు, అందులో నిలుస్తాయి. మిగతా రోజుల్లో పిల్లలు అదే పల్లంలో ఆడుకుంటారు.

సింగపూర్ మరో దారి పట్టింది. బిషాన్ పార్కు అంచున 2.7 కిలోమీటర్ల పొడవున తిన్నగా పారే కాంక్రీటు కాలువ ఉండేది, దానికీ పార్కుకూ మధ్య కంచె. ఆ కాంక్రీటును పగలగొట్టి, నీటికి పార్కు గుండా వంపులు తిరిగే దారి ఇచ్చి, 2012లో 3.2 కిలోమీటర్ల వాగుగా మార్చారు. వాన లేనప్పుడు గట్ల మీద జనం కూర్చుంటారు, వానొస్తే హెచ్చరికలు మోగుతాయి, గట్లు నీటికి వదిలేస్తారు. పక్షులు, తూనీగలు, నీటి కుక్కలు (ఆటర్లు) తిరిగొచ్చాయి. ఒకే స్థలం రెండు పనులకు వాడితే స్థలం ఖర్చు కూడా రెండుగా పంచుకున్నట్టే. పార్కు స్థలం వృథా అనే వాదన ఇలాంటి చోట నిలవదు.

ఆరోగ్యం: ఏ ఆధారం ఎంత గట్టిది?

అన్నిటికంటే ఎక్కువ ప్రచారమూ, ఎక్కువ గందరగోళమూ ఉన్నది ఇక్కడే. పచ్చదనం దగ్గర ఉండేవాళ్లు ఆరోగ్యంగా ఉంటారని చెప్పే పరిశోధనలకు లోటు లేదు. చిక్కేమిటంటే, పచ్చని వీధుల్లో ఇళ్లు కొనగలిగేది డబ్బున్నవాళ్లు. డబ్బున్నవాళ్లు మామూలుగానే ఆరోగ్యంగా ఉంటారు. మేలు చేసింది చెట్టా, జేబా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా నడకకు వెళ్తారు కాబట్టి కారణం, ఫలితం తారుమారయ్యే వీలూ ఉంది.

వారానికి 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారన్న 2019 నాటి ఇంగ్లండ్ అధ్యయనం బాగా ప్రచారం పొందింది. దాదాపు 20,000 మందిని అడిగిన సర్వే అది. ఒకే సమయంలో అడిగిన సర్వే కారణాన్ని రుజువు చేయలేదు. 120 అనే అంకెను మందు మోతాదులా చూడటం తొందరపాటు. 1984లో రోజర్ అల్రిచ్ ప్రచురించిన ఆసుపత్రి పరిశోధన కాస్త మెరుగు. పిత్తాశయం శస్త్రచికిత్స చేయించుకున్న 46 మందిలో సగం మంది మంచాలు చెట్లు కనబడే కిటికీల పక్కన, మిగతావాళ్లవి ఇటుక గోడ కనబడే కిటికీల పక్కన ఉన్నాయి. వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు లాంటివి చూసి ఇద్దరిద్దరిని జతచేసి పోల్చారు. చెట్లు చూసినవాళ్లు సగటున 7.96 రోజులకు, గోడ చూసినవాళ్లు 8.70 రోజులకు ఇంటికి వెళ్లారు, మొదటివాళ్లకు ఘాటైన నొప్పి మందులు తక్కువ పట్టాయి. పద్ధతి చక్కనిదే. 23 జతలు మాత్రం తక్కువే.

జేబు ప్రశ్నకు సూటిగా జవాబు వెతికినవి వేరే ఉన్నాయి. 2008లో రిచర్డ్ మిచెల్, ఫ్రాంక్ పోఫమ్ ఇంగ్లండ్‌లో పదవీ విరమణ వయసు లోపు ఉన్న సుమారు 4 కోట్ల మంది జనాభాలో నమోదైన మరణాల వివరాలు పరిశీలించారు. పేదలకూ ధనికులకూ మధ్య మరణాల తేడా పచ్చదనం ఎక్కువున్న చోట్ల తక్కువగా ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి, పార్కుతో సంబంధం ఉండని మరణాల్లో మాత్రం ఆ ప్రభావం కనబడలేదు. ఫలితం కేవలం సంపద నీడ అయితే ఆ మరణాల్లోనూ అదే తేడా కనబడాలి కదా.

ప్రకృతే ఒక ప్రయోగం చేసి పెట్టిన సందర్భమూ ఉంది. 2002లో అమెరికా మిషిగన్ రాష్ట్రంలో ఒక రకం పచ్చ పురుగు బయటపడింది. అది ఆష్ జాతి చెట్ల బెరడు కింద దూరి వాటిని చంపుతుంది. కోట్లాది చెట్లు ఎండిపోయాయి. పురుగు ఏ జిల్లాకు ఎప్పుడు చేరిందన్నది అక్కడి ప్రజల ఆదాయం మీద ఆధారపడే విషయం కాదు. 2013లో జెఫ్రీ డోనొవన్ బృందం 15 రాష్ట్రాల్లో పురుగు వ్యాపించిన క్రమాన్ని మరణాల నమోదుతో పోల్చింది. శ్వాసకోశ వ్యాధులతో 6,113, గుండె, రక్తనాళాల వ్యాధులతో 15,080 మరణాలు అదనంగా సంభవించాయని అంచనా వేసింది. ప్రభావం సంపన్న ప్రాంతాల్లో ఇంకా ఎక్కువగా కనబడింది, బహుశా అక్కడ పోగొట్టుకోవడానికి చెట్లు ఎక్కువ ఉన్నందువల్ల.

అన్నిటిలోకి గట్టి ఆధారం అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. ఆ నగరంలో చెత్త, పిచ్చి మొక్కలు పేరుకుని పాడుపడిన ఖాళీ స్థలాలు వేలల్లో ఉండేవి. వాటిలో 541 స్థలాలను లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొన్ని మొక్కలు నాటి, నడుము ఎత్తు చెక్క కంచె కట్టారు. కంచెలో జనం లోపలికి రావడానికి ఖాళీలు వదిలారు. రెండో గుంపులో చెత్త మాత్రమే తీశారు. మూడో గుంపును అలాగే వదిలేశారు. 2018లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పచ్చగా మార్చిన స్థలాల దగ్గర నివసించేవారిలో దిగులుగా ఉందని చెప్పేవాళ్లు 41.5 శాతం తగ్గారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న వాడల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. చెత్త మాత్రమే తీసిన చోట మనసు ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఎవరికి ఏ స్థలం దక్కాలో లాటరీ నిర్ణయించింది కాబట్టి ఇక్కడ సంపద వాదన పనిచేయదు. అక్కడ వేసింది ఖరీదైన ఉద్యానవనం కాదు, గడ్డీ నాలుగు చెట్లూ అన్న సంగతి నగరపాలక సంస్థలు గమనించదగినది.

ఈ మేలు ఏ దారిన వస్తుందన్నదానికి ఒకే జవాబు లేదు. మనస్తత్వవేత్తలైన రేచెల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు చెప్పినదాని ప్రకారం పని మీద పట్టి నిలిపే ధ్యాస అలసిపోయే గుణం గలది. కదిలే ఆకులు, నీటి అలలు దాన్ని వాడకుండానే మనసును ఆకట్టుకుంటాయి, ఆ వ్యవధిలో అది కోలుకుంటుంది. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని వృక్షవాటికలోనూ, రద్దీ వీధిలోనూ వేర్వేరు రోజుల్లో నడిపించి, అంకెల వరుసను వెనక నుంచి ముందుకు చెప్పించారు. చెట్ల మధ్య నడిచాక జ్ఞాపకం మెరుగుపడింది. గడ్డకట్టే చలిలో, నడక ఏమాత్రం హాయిగా లేనప్పుడు కూడా మెరుగుపడింది. అంటే అది ఉల్లాసం వల్ల వచ్చిన ఫలితం కాదు.

పిల్లల విషయంలో వేరే దారులు పనిచేస్తాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. పగటి వెలుతురు తీవ్రతే దీనికి ప్రధాన కారణమని భావిస్తున్నారు. ఫిన్లాండ్‌లో శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణలో అడవి మట్టి, మొక్కలు తెచ్చి పరిస్తే 28 రోజుల్లోనే పిల్లల చర్మం మీద సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రోగనిరోధకతను సూచించే కొలతల్లోనూ మార్పు కనబడింది. మట్టిలో ఆడనివ్వని పార్కు ఈ మేలును గేటు దగ్గరే ఆపేస్తుంది.

నష్టాలు లేవా అంటే ఉన్నాయి. పుప్పొడి పడనివాళ్లుంటారు, నీరు నిలిస్తే దోమలు చేరతాయి, పట్టించుకోని చెట్టు కొమ్మ విరిగి పడుతుంది. జాతుల ఎంపిక, కత్తిరింపు, నీటి పారుదల చూసుకుంటే ఇవి చాలావరకు అదుపులో ఉంటాయి.

పార్కు ఉంటే చాలదు, మనుషులు రావాలి

ఫిలడెల్ఫియా స్థాపకుడు విలియం పెన్ 1682లో ఆ నగరానికి గీయించిన పటంలో కేంద్ర కూడలిని అటుంచితే నాలుగు చతురస్రాల పార్కులున్నాయి. దాదాపు ఒకే పరిమాణం, ఒకే నగరం. నగరాల మీద పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ 1961లో వాటిని పోల్చి చూసినప్పుడు వాటి తలరాతలు పూర్తిగా వేరుగా ఉన్నాయి. వాటిలో ఒకటైన రిటెన్‌హౌస్ స్క్వేర్ చుట్టూ ఇళ్లు, బడులు, దుకాణాలు, కార్యాలయాలు కలగలిసి ఉండేవి. పొద్దున్నే పనికి పోయేవాళ్లు, తర్వాత పిల్లలతో తల్లులు, మధ్యాహ్నం ఉద్యోగులు, సాయంత్రం బడి పిల్లలు, ఇలా గంట గంటకూ మనుషులు మారేవారు. వాషింగ్టన్ స్క్వేర్ చుట్టూ అన్నీ కార్యాలయాలే. భోజన విరామం అయిపోగానే అది నిర్జనం. నిర్జనమైన చోటికి నలుగురూ భయపడతారు, భయపడి రాకపోతే ఇంకా నిర్జనమవుతుంది. పార్కు బాగోగులను గేటు లోపలి చెట్ల కంటే గేటు బయటి వీధి ఎక్కువగా నిర్ణయిస్తుందన్న ఆ పరిశీలన అరవై ఏళ్ల తర్వాత కూడా నిలబడింది.

లోపలి ఏర్పాట్లకూ తమ వంతు ఉంది. న్యూయార్క్ బ్రయంట్ పార్కు 1970ల్లో మాదకద్రవ్యాల అడ్డా. రోడ్డు కంటే ఎత్తుగా ఉండి, చుట్టూ పొదలు, ఇనుప కంచెలు ఉండటంతో లోపల ఏం జరుగుతుందో బయటికి కనబడేది కాదు. 1988లో మూసి, పొదలు తొలగించి, దారులు పెంచి, ఎవరికి నచ్చిన చోటికి వారు లాక్కుని కూర్చునే కుర్చీలు వేసి 1992లో తెరిచారు. కుర్చీని అర అడుగైనా జరుపుకుని కూర్చోగలిగితే మనిషికి ఆ చోటు మీద కాస్త హక్కు వచ్చినట్టుంటుందని, వాటిని సిఫారసు చేసిన విలియం వైట్ గమనించారు. నేటికి అది ఆ నగరంలో అత్యంత రద్దీ పార్కుల్లో ఒకటి.

వియన్నా అనుభవం ఇంకా సూక్ష్మమైనది. తొమ్మిదేళ్లు దాటగానే ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని 1990ల్లో అక్కడ గుర్తించారు. కారణం నిషేధం కాదు. ఉన్న ఒక్క పెద్ద మైదానాన్ని మగపిల్లలు బంతాటకు పట్టుకుంటే పోటీపడటం కంటే వెళ్లిపోవడమే తేలికని ఆడపిల్లలు తప్పుకున్నారు. 1999 నుంచి రెండు పార్కుల్లో మైదానాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆటలకు చోటిచ్చి, నడకదారుల్లో దీపాలు పెంచారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. చదరపు మీటర్లు ఒక్కటీ పెరగలేదు.

అద్దె పెరిగితే మేలు ఎవరిది?

పార్కు పక్కన భూమి విలువ పెరగడం కొత్త సంగతి కాదు. సెంట్రల్ పార్కు ఖర్చును సమర్థించుకోవడానికి ఓమ్‌స్టెడ్ చూపిన ఆధారం అదే. చుట్టుపక్కల ఆస్తుల విలువ, వాటి మీద పన్ను ఏటేటా ఎలా పెరిగాయో ఆయన లెక్కలు రాసి పెట్టారు. ఆ పార్కు వేయడానికి ముందు ఆ స్థలంలో సెనెకా విలేజ్ అనే ఊరు ఉండేదన్న సంగతి చాలాకాలం మరుగున పడింది. సొంత ఇళ్లు, చర్చిలు ఉన్న, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు నివసించిన ఊరు అది. 1857లో అందరినీ ఖాళీ చేయించారు.

ఇప్పుడు ఖాళీ చేయించే పని అద్దెలు చేస్తాయి. పాడుబడ్డ రైలు వంతెన మీద 2009లో తెరిచిన న్యూయార్క్ హై లైన్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. పర్యాటకులు పోటెత్తారు, చుట్టూ విలాస భవనాలు లేచాయి, పక్కనే ఉన్న ప్రభుత్వ గృహ సముదాయాల్లోని పేదలకు మాత్రం అది తమది అనిపించలేదు. ఈ విషయంలో విఫలమయ్యామని దాన్ని స్థాపించినవారిలో ఒకరైన రాబర్ట్ హామండ్ 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. పార్కు ఎంత విజయవంతమైతే, ఎవరి కోసం వేశారో వాళ్లు అంత త్వరగా దూరమయ్యే వైపరీత్యం ఇది.

దీనికి విరుగుడుగా రెండు ఆలోచనలు ఉన్నాయి. ఒకటి, నగరమంతా ఆకర్షించే ఒక్క భారీ పార్కు బదులు చిన్న చిన్నవి చాలా వాడల్లో ఒకేసారి వేయడం. అందరికీ దొరికేదానికి అదనపు ధర పలకదు. రెండు, పార్కుతో పాటే అద్దె నియంత్రణ, చవక ఇళ్లు కూడా ప్రణాళికలో చేర్చడం. పేదల వాడల్లో పార్కులు వేయకపోవడమే మంచిదని కొందరు తీసే ముగింపు మాత్రం తలకిందుల తర్కం. నీడ అందరికంటే ఎక్కువ అవసరమైనది, ఇంట్లో ఏసీ లేక, పని ఎండలో చేసే మనిషికి.

కొలత మారితే పని మారుతుంది

నగరాలు ఎక్కువగా తలసరి పచ్చదనాన్ని చూపించుకుంటాయి. ఊరి చివర ఉన్న రక్షిత అడవిని జనాభాతో భాగిస్తే ఘనమైన అంకె వస్తుంది. నగరం మధ్యలో ఉన్న ముసలామె ఆ అడవికి చేరాలంటే రెండు బస్సులు మారాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం అందుకే దూరాన్ని ముందుకు తెచ్చింది. అర హెక్టారు నుంచి హెక్టారు వరకు ఉన్న పచ్చని చోటు ప్రతి ఇంటికీ 300 మీటర్ల లోపు, అంటే ఐదు నిమిషాల నడకలో ఉండాలని సూచించింది. 2021లో పట్టణ వనాల నిపుణుడు సెసిల్ కొనైనెండైక్ ప్రతిపాదించిన 3-30-300 సూత్రం దానికి మరో రెండు కలిపింది. ఇంటి నుంచి కనీసం మూడు చెట్లు కనబడాలి, వాడలో 30 శాతం నేల చెట్ల నీడలో ఉండాలి. ఇవి ప్రకృతి నియమాలేమీ కావు, పని జరిపించడానికి పెట్టుకున్న గీతలు. అయినా తలసరి లెక్క దాచేదాన్ని ఇవి బయటపెడతాయి. 300 మీటర్లను కూడా పటం మీద గీత గీసి కాకుండా నడిచే దారి వెంట కొలవాలి. మధ్యలో దాటలేని రోడ్డుంటే అది 300 మీటర్లు కాదు.

నిర్వహణది ఎప్పుడూ వెనక బెంచీయే. పార్కు ప్రారంభానికి శిలాఫలకం ఉంటుంది, తోటమాలి జీతానికి ఉండదు. సెంట్రల్ పార్కు అంతటిదే 1970ల నాటి ఆర్థిక సంక్షోభంలో శిథిలమై, 1980లో దాతలతో ఏర్పడిన సంస్థ పూనుకున్నాక కోలుకుంది. ధనికులు చుట్టూ ఉన్న పార్కుకు దాతలు దొరుకుతారు. పేద వాడ పార్కుకు నగర బడ్జెట్ ఒక్కటే దిక్కు. ఆ బడ్జెట్ తగ్గినప్పుడు ముందుగా మూతపడేవి మరుగుదొడ్లు, ఆ తర్వాత ఆరిపోయేవి దీపాలు. వాటితో పాటే వృద్ధులు, చిన్న పిల్లల తల్లులు, సాయంత్రం నడకకు వచ్చే ఆడవాళ్లు తగ్గిపోతారు.

చెట్టు నరికిన చోట పది మొక్కలు నాటుతామన్న హామీని కూడా ఈ కొలతలతో చూడవచ్చు. ఐదు మీటర్ల వ్యాసార్ధంతో కొమ్మలు చాచిన చెట్టు నడినెత్తి ఎండలో 78 చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. అర మీటరు వ్యాసార్ధమున్న మొక్క కప్పేది 0.78 చదరపు మీటర్లు. పది మొక్కలు కలిసి పదో వంతు నీడ ఇస్తాయి, అదీ అన్నీ బతికితే. ఆ ఒక్క చెట్టు నీడను ఆ రోజే పూడ్చాలంటే వంద మొక్కలు కావాలి. అవి ఎదిగేదాకా ఇరవై, ముప్పై ఏళ్లు నీరు పోసే మనిషి, ఆ మనిషికి జీతం కావాలి. ఇంతకీ ఆ పది మొక్కలను ఎక్కడ నాటుతున్నారన్నది హామీ పత్రంలో చూడాల్సిన తర్వాతి అంశం. స్థలం చవకగా దొరికే ఊరి చివర నాటితే నగరం పచ్చదనం లెక్క సరిపోతుంది, చెట్టు పోయిన వీధిలో బస్సు కోసం నిలబడే మనిషికి మాత్రం ఎండ అలాగే ఉంటుంది.